ఇరవై ఆరు నిమిషాలు

ఆసుపత్రి వెనక వైపు, మందుల కౌంటరు దాటి ఆరు మెట్లు దిగితే రికార్డు గది వస్తుంది. ఉదయం ఎనిమిదింటికి దాని తాళం తీసేది టోకెనమ్మ. పదేళ్ళ కిందట ముందు కిటికీ దగ్గర టోకెన్లు ఇచ్చే పనిలో చేరింది. ఆ పని మారి ఆరేళ్ళయినా పేరు మాత్రం మారలేదు, డాక్టర్లు కూడా అలాగే పిలుస్తారు. ఆమె లైట్లు వేసి, ఫ్యాను వేసి, కిటికీ అరుగు తుడిచి, వార్డుల నుంచి తిరిగొచ్చిన ఫైళ్ళను గుమ్మం దగ్గర నుంచి ఏరి పెట్టేసరికి బాబాయి వచ్చేవాడు. బాబాయి అంటే ఆమెకు చుట్టమేమీ కాదు. ఆసుపత్రి మొత్తానికీ ఆయన బాబాయే. ముప్పై నాలుగేళ్ళుగా అక్కడ రికార్డు కీపరు.

గదిలో అరవై వేల పైచిలుకు ఫైళ్ళున్నాయి. నర్సో ఆయానో వచ్చి కిటికీలోంచి చీటీ అందిస్తే, బాబాయి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని చీటీలో పేరు చదివి, ఆ మనిషి మొట్టమొదట ఏ బాధతో ఈ గడప తొక్కాడో అది కూడా కలిపి పిలిచేవాడు, అన్నానికి పిలిచినంత మామూలుగా. "రామ్మా, చెయ్యి కాలి వచ్చావు చూడు, నువ్వే," అనేవాడు. ఎక్కడో అరలోంచి ఫైలు జారి దిగి, నేల మీద పాకుతూ వచ్చి ఆయన చెప్పుల దగ్గర ఆగేది. పిల్లల ఫైళ్ళు పరుగెత్తుకొచ్చి బల్ల కాళ్ళకు గుద్దుకునేవి. ముసలివాళ్ళవి మధ్యలో ఒకట్రెండు చోట్ల ఆయాసం తీర్చుకుని వచ్చేవి. సూదిమందంటే హడలిపోయే ఒక కంట్రాక్టరుగారి ఫైలు మాత్రం పక్కదాని వెనక నక్కేది, దాన్ని రెండుసార్లు పిలవాలి. ఇందులో ఆసుపత్రిలో ఎవరికైనా ఫిర్యాదు ఉందంటే అది ఊడ్చే ఆవిడకే. పాక్కుంటూ వచ్చేటప్పుడు అవి దుమ్మంతా గది మధ్యకు తెస్తున్నాయని రోజూ సణిగేది.

ఒక్కటే చిక్కు. ఎవరి ఫైలును వాళ్ళు పిలుచుకోలేరు. బాబాయి ఫైలు కూడా ఆ అరల్లోనే ఎక్కడో ఉంది. ఆయన కుర్రతనంలో ఇదే గదిలో అరలకు నెంబర్లు రాయడానికొచ్చిన పెయింటరు. నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే పైకి తీసుకెళ్ళి నొప్పికని ఏదో ఇంజక్షన్ ఇచ్చారట. అది పడక ఒళ్ళంతా వాచి, రెండు రోజులు తెలివి లేకుండా పడి ఉన్నాడట. లేచాక ఇంటికి పోకుండా ఇక్కడే పనిలో కుదిరాడు. ఆ కథ ఆయన టోకెనమ్మకు ఓ వంద సార్లు చెప్పి ఉంటాడు, ఇంజక్షన్ పేరు మాత్రం ఆయనకే తెలీదు.

ఆరేళ్ళలో టోకెనమ్మ పిలిచినా ఫైళ్ళు రావడం మొదలైంది. ముందు చంటిపిల్లలవి, తర్వాత కాన్పులవి, ఆ తర్వాత దాదాపు అన్నీ. "నీ గొంతు వాటికి అలవాటవుతోందమ్మా," అని బాబాయి మురిసిపోయేవాడు.

చదువు సంగతి కూడా ముందు ఎత్తింది ఆయనే. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్, ఆన్‌లైన్‌లో, రెండేళ్ళు అని పేపర్లో ప్రకటన పడితే చింపి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇంతా చేసి వాళ్ళు చెప్పేది మన పనే, కాగితాలు సర్దడం, కాకపోతే ఇంగ్లీషులో చెబుతారు అన్నాడు. ఆమెకు ముప్పై ఆరేళ్ళు. భర్త ఇంట్లోనే మిషన్ మీద స్కూలు యూనిఫాంలు కుడతాడు, పదేళ్ళ కూతురు. ఈ వయసులో పుస్తకం పట్టుకుంటే నవ్వుతారేమోనని వారం రోజులు ఊగిసలాడింది. కానీ డిగ్రీ చేతికొస్తే పెద్ద ఆఫీసులో ఇన్ఫర్మేషన్ ఆఫీసరు పోస్టుకు పెట్టుకోవచ్చు. కిటికీలోంచి చేతులు చాపే జనాన్ని కాకుండా, కూర్చుని మాట్లాడే జనాన్ని చూడొచ్చు. ఆ ఆశ ఆమెకు చాలా ఏళ్ళ నుంచి ఉంది.

క్లాసులు సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. సూపరింటెండెంటు సెలవు కుదరదు పొమ్మన్నాడు. బాబాయి ఆఖరి అరల వెనక ఖాళీ సెలైన్ డబ్బాలు నాలుగు పేర్చి, పైన పాత కేలండరు అట్ట వేసి బల్ల చేశాడు. నువ్వు చదువుకో, కిటికీ నేను చూసుకుంటా అన్నాడు. అంతకు ముందు రోజూ రెండింటికి బల్ల మీద తల వాల్చి ఇరవై నిమిషాలు కునుకు తీయడం ఆయనకు అలవాటు. రెండేళ్ళ పాటు వారానికి మూడు రోజులు ఆ కునుకు మానేశాడు. కెమెరా పెట్టాల్సిన రోజున ఆమె వెనకగా ఫైళ్ళు పాకుతూ పోతే బాగుండదని, "అటు చుట్టూ తిరిగి రండి, అక్క పాఠం వింటోంది," అని వాటికి గొంతు తగ్గించి చెప్పేవాడు. అవి బుద్ధిగా గోడ పక్కనుంచి వచ్చేవి.

మూడు సెమిస్టర్లు బాగానే గడిచాయి. నాలుగోదాంట్లో ప్రాజెక్టు పడింది. మీరు పనిచేసే చోట సమాచారం ఎలా చేతులు మారుతోందో కొలవండి, లోపం చూపించండి, కొత్త వ్యవస్థ ప్రతిపాదించండి అన్నారు. టోకెనమ్మ ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, చీటీ అందిన క్షణం నుంచి ఫైలు చెప్పుల దగ్గర ఆగేదాకా రెండు వందల సార్లు కొలిచింది. సగటు పదకొండు సెకన్లు వచ్చింది. ప్రాజెక్టు చూసే ప్రొఫెసరమ్మ తెర మీద ఆ అంకె చూసి అడిగింది.

"ఇంతకంటే వేగంగా ఏ కంప్యూటరూ తేలేదండీ. మరి మీ దగ్గర సమస్య ఎక్కడుంది? సమస్యే లేకపోతే ప్రాజెక్టు ఎలా అవుతుంది?"

కొలతలో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, మళ్ళీ చూడండి అని కూడా అంది. నిజానికి పంపాల్సిన ఫారంలో 'ప్రస్తుత పద్ధతి' అనే చోట నాలుగు గళ్ళున్నాయి. చేత్తో వెతకడం, సగం కంప్యూటరుతో, పూర్తిగా కంప్యూటరుతో, ఇతరములు. నాలుగోది నొక్కితే కింద 'వివరించండి' అని చిన్న పెట్టె తెరుచుకుంటుంది. టోకెనమ్మ ఆ పెట్టెను చూడకపోలేదు. చూసింది, దాని ముందు కాసేపు కూర్చుంది, ఎవరికని వివరిస్తాం అనుకుని మొదటి గడి నొక్కింది.

ఇక అంకె కావాలి. అంతకు ముందు నెలలో బాబాయికి జ్వరమొచ్చి ఒక రోజు రాలేదు. ఆ రోజు ఒక కొత్త డాక్టరు ఎవరిదో పాత ఫైలు అడిగితే, మొదటిసారి ఏ బాధతో వచ్చాడో ఆమెకు తెలియక చేత్తో వెతకాల్సి వచ్చింది. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఒక్క రోజుది, ఆ ఒక్క ఫైలుది. శనివారం పొద్దున, పక్కన మిషన్ టకటకలాడుతుంటే, ఆమె ఆ అంకెను అటూ ఇటూ జరిపి ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది, ఇరవై ఐదు అంటూ రెండు వందల గళ్ళు నింపేసింది. సగటు ఇరవై ఆరు దగ్గరే నిలిచేలా చూసుకుంది. అంతా కలిపి నలభై నిమిషాల్లో అయిపోయింది. గ్రాఫు గీస్తే చూడముచ్చటగా వచ్చింది.

ప్రొఫెసరమ్మ ఇప్పుడు బాగుంది అంది. ఆసుపత్రి నుంచి సంతకం పెట్టిన ఉత్తరం ఒకటి కావాలంది. సంతకానికి రిపోర్టు ముందు పెట్టినా సూపరింటెండెంటు ఏ కాగితమూ చదవడని టోకెనమ్మ ధీమా. ఆయన నిజంగానే చదవలేదు, గ్రాఫు చూశాడు. పదకొండేళ్ళుగా ఆ గదికి వస్తూ పోతూ, పాకే ఫైళ్ళకు దారిచ్చి పక్కకు తప్పుకున్న మనిషి, ఒకసారి ఒక పసిబిడ్డ ఫైలు బూటు కింద పడబోతే ఎత్తి చేతికిచ్చిన మనిషి, గ్రాఫు చూసేసరికి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. మన దగ్గర ఒక్కో ఫైలుకు ఇరవై ఆరు నిమిషాలు పడుతోందా అని మీటింగు పెట్టాడు. మూడు నెలల్లో అన్నీ స్కాన్ చేయించి కాగితాలు మిల్లుకు పంపాలని, రెండేళ్ళలో రిటైరయ్యే బాబాయిని సోమవారం నుంచి దుప్పట్ల విభాగంలో వేయాలని, అంతవరకూ గది టోకెనమ్మ చూసుకోవాలని తేల్చేశాడు. అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, వెనక వరసలో నిలబడి బాబాయి కూడా కొట్టాడు. ఆమెకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

గదిలోంచి ఆయన తీసుకెళ్ళినవి టిఫిను డబ్బా, పాత చెప్పుల జత, కళ్ళద్దాల పెట్టె. గుమ్మం దగ్గర ఆగి అడిగాడు.

"ఇరవై ఆరా? ఎప్పుడు కొలిచావమ్మా?"

"మీరు రాని రోజు, బాబాయ్."

"నేను లేని రోజుదా. అయితే నిజమేలే," అని తల ఊపి మెట్లెక్కాడు. ఆయన తిట్టి ఉంటే ఆమె ఏడ్చి ఊరుకునేది. కానీ ఆయన నమ్మాడు.

సోమవారం తొలి చీటీ ఒక పసిపిల్లది. పిల్లల ఫైళ్ళు ఆమె నోరు తెరవకముందే వచ్చేవి. పిలిచింది, రాలేదు. మళ్ళీ పిలిచింది. పై అరలో చిన్న చప్పుడైంది, ఫైలు ఇంకాస్త లోపలికి జరిగిన చప్పుడు. నిచ్చెన వేసుకుని వెతికి చేతికి తీసుకునేసరికి గడియారంలో సరిగ్గా ఇరవై ఆరు నిమిషాలు గడిచాయి. రెండో చీటీ కూడా అంతే. మూడోది ఆమె పొద్దున తన చేత్తో బల్ల పక్కనే పెట్టిన ఫైలు. అక్కడ చెయ్యి పెడితే లేదు, కింది అరలో లేదు, ఇరవై ఆరో నిమిషానికి మళ్ళీ బల్ల పక్కనే కనిపించింది. నిమిషం ముందు కాదు, తర్వాత కాదు. ఆసుపత్రిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. రికార్డు గదిలో ఇరవై ఆరు నిమిషాలు పడుతుందని నోటీసు బోర్డు మీద గ్రాఫే ఉంది కదా. నర్సులు చీటీ ఇచ్చి టీకి వెళ్ళడం నేర్చుకున్నారు. కిటికీ బయట బెంచీ మీద జనం పెరిగారు. ఒక ముసలాయన రోజూ వచ్చి ఓపిగ్గా ఆ ఇరవై ఆరు నిమిషాలూ కూర్చుని, ఫైలు తీసుకుంటూ ఆమెకు దండం పెట్టేవాడు. ఆ దండం ఆమె కళ్ళెత్తి అందుకోలేకపోయేది.

ఇంట్లో కూతురు సైన్సు పుస్తకంలో చిక్కుడు మొలక ఎత్తు రాస్తోంది. ఏడు రోజులు కొలవాలి, నాలుగు రోజులు మర్చిపోయింది. పెన్సిలు కొరుకుతూ ఆ నాలుగూ ఊహించి నింపేసింది. టోకెనమ్మ చూసి, కొలవకుండా అంకెలు ఎలా వేస్తావే అని గొంతు పెంచింది. పెంచిన గొంతు సగంలోనే ఆగిపోయింది. భర్త మిషన్ ఆపి చూశాడు. ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. బాగానే ఉంది అని చెప్పి ఆమె పెరట్లోకి వెళ్ళి, ఆరని బట్టలన్నీ తీగ మీంచి తీసేసుకొచ్చింది.

దుప్పట్ల విభాగానికి రెండుసార్లు వెళ్ళింది, చెప్పేద్దామనే. అది బాయిలరు పక్కన కిటికీ లేని గది. తెల్లబరిచే మందు వాసన కళ్ళు మండించేది. బాబాయి ముక్కుకు తువాలు కట్టుకుని దుప్పట్లు లెక్కపెడుతూ దగ్గుతున్నాడు. మొదటిసారి, ఊరికే ఇటు వచ్చాను బాబాయ్ అంది. రెండోసారి ఆయనే ముందడిగాడు, పరీక్ష ఎప్పుడని. బుధవారం రెండింటికి, వైవా అంది. బాగా చెప్పు, భయపడకు, నీకు రానిదేముంది అన్నాడు. ఆమె తలూపి వెనక్కి వచ్చేసింది.

బుధవారం రెండింటికి ఆమె సెలైన్ డబ్బాల ముందు కూర్చుంది. తెర మీద ముగ్గురు పరీక్షకులు, మధ్యలో ప్రొఫెసరమ్మ. డేటాబేసు బొమ్మ చూపించింది, భద్రత గురించి చెప్పింది, అన్నీ తడుముకోకుండా చెప్పింది. ఎడమ వైపు ఉన్న బట్టతల పరీక్షకుడు పేజీలు వెనక్కి తిప్పి, ఈ రెండు వందలూ మీరే కొలిచారా అని మామూలుగా అడిగాడు. అప్పుడే గోడ మీద ఫోను మోగింది.

అత్యవసర విభాగం నుంచి నర్సు. దుప్పట్ల గదిలో బాబాయి మందు వాసనకు ఊపిరాడక పడిపోయాడు. తెలివి లేదు. ఇంజక్షన్ ఇవ్వాలి, కానీ ఆయనకు ఒకప్పుడు ఏదో పడలేదని ఆసుపత్రి అంతా విన్నదే, అది ఏదో ఎవరికీ తెలీదు. డాక్టరు ఐదు నిమిషాలు ఆగుతాడట, ఆ తర్వాత దేవుడి మీద భారం వేసి ఇచ్చేస్తాడట.

టోకెనమ్మ అరల మధ్యకు పరుగెత్తింది. ఆరేళ్ళలో ఏనాడూ పలకని ఆయన పూర్తి పేరు పలికింది. "నిచ్చెన మీంచి పడి చెయ్యి విరిగి వచ్చారు చూడండి, మీరే, రండి," అంది. అరవై వేల ఫైళ్ళలో ఒక్కటీ కదల్లేదు. మళ్ళీ పిలిచింది. గొంతు తనకే పరాయిదానిలా వినిపించింది. గోడ గడియారం రెండూ ఇరవై ఒకటి చూపిస్తోంది. ఇరవై ఆరు నిమిషాలు కలిపితే ఎంతవుతుందో లెక్క వేయడానికి కూడా ఆమెకు ధైర్యం చాల్లేదు.

తెర మీద ముగ్గురూ మెడలు చాపి చూస్తున్నారు. మేడమ్, మీరు ఉన్నారా, జవాబు చెబుతారా అని ఆ బట్టతల ఆయన గొంతు వినిపించింది.

"లేదండీ," అంది ఆమె, అరల మధ్య నుంచే, గదంతా వినబడేలా. "ఆ రెండు వందలూ నేను కొలవలేదు, కల్పించాను. కొలిచినవి వేరే ఉన్నాయి. వాటి సగటు పదకొండు సెకన్లు. ఈ గదిలో లోపమేమీ లేదు. ఉన్నదంతా నా రిపోర్టులోనే."

ఆమె కళ్ళు తుడుచుకుని మూడోసారి పిలిచింది. ఈసారి ఫైలును కాదు, మనిషిని పిలిచినట్టే పిలిచింది. "బాబాయ్, రండి."

కిటికీకి ఎదురుగా, అన్నిటికంటే కింది అరలోంచి, అంచులు నలిగిన ఒక పల్చటి ఫైలు దిగింది. దాని అట్ట మీద ఎప్పటివో తెల్ల రంగు చుక్కలున్నాయి. ముసలి ఫైలు కదా, మెల్లిగా వస్తుందనుకుంది. అది మెల్లిగా రాలేదు. ఆమె దాన్ని గుండెకు హత్తుకుని ఆరు మెట్లూ రెండు అంగల్లో ఎక్కి పరుగెత్తింది. వెనక తెర మీద ముగ్గురు పెద్దమనుషులు ఖాళీ గదిని చూస్తూ ఉండిపోయారు. డాక్టరు ఫైలు తెరిచి మొదటి పేజీ చదివాడు, చేతిలో సిద్ధంగా ఉన్న సిరంజిని పక్కన పెట్టేసి నర్సును ఇంకొకటి తెమ్మన్నాడు.

మర్నాడు పొద్దున వార్డులో బాబాయి దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎంతసేపట్లో వచ్చిందమ్మా నా ఫైలు అని అడిగాడు. వాచీ పెట్టుకోలేదు బాబాయ్, తొందరగానే వచ్చింది అంది ఆమె. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని అంతా చెప్పింది. ఒకే ఒక్క ఫైలు సంగతి, రెండు వందల గళ్ళు, నలభై నిమిషాలు, గ్రాఫు. చెబుతున్నంతసేపూ దుప్పటి అంచునే చూసింది. ముగించాక తలెత్తింది. ఆయన మొహం చిన్నబోయింది, అది ఆమెకు కనిపించింది.

"నన్ను అడగకపోయావా అమ్మా," అన్నాడు. "నేనే కాస్త మెల్లిగా పిలిచేవాణ్ణి కదా."

ఆమె అప్పటిదాకా ఆపుకున్నదంతా అక్కడ ఆగలేదు. ఆయన మంచం పట్టీ మీద తల పెట్టి ఏడ్చింది. పక్క మంచం మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

యూనివర్సిటీ వాళ్ళు ప్రాజెక్టు కొట్టేశారు. ఆరు నెలల్లో మళ్ళీ మొదటి నుంచి చేసి పంపాలి. ఇన్ఫర్మేషన్ ఆఫీసరు పోస్టు గడువు ఈలోపే దాటిపోయింది. సూపరింటెండెంటు ముందుకు ఆమె అసలు కొలతల గ్రాఫు పట్టుకెళ్ళి, జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన ఎర్రబడి, ఆమె జీతం పెంపు ఒక ఏడాది ఆపి, ఆ తర్వాత కొత్త గ్రాఫు చూశాడు. పదకొండు సెకన్లా అని మళ్ళీ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. స్కానింగు ఆగింది. బాబాయి టిఫిను డబ్బాతో, చెప్పుల జతతో తిరిగొచ్చాడు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికి ఆయన బల్ల మీద తల వాలుస్తాడు. కిటికీ టోకెనమ్మ చూసుకుంటుంది. మొన్న శుక్రవారం ఆయన పడుకున్నాక ఆమె లాప్‌టాప్ కిటికీ అరుగు మీదే పెట్టుకుని కొత్త ఫారం తెరిచింది. 'ప్రస్తుత పద్ధతి' దగ్గర నాలుగో గడి నొక్కింది. పెట్టె తెరుచుకుంది. 'పిలిస్తే వస్తాయి. పిలిచే మనిషి వాటి గురించి అబద్ధం చెప్పి ఉండకూడదు. ఇది నేను పరీక్షించి చూశాను,' అని రాసింది. రాసింది తుడిచేయాలనిపించింది, కానీ తుడవలేదు.

నర్సు ఒకావిడ వచ్చి చీటీ ఇచ్చింది. పాప, నాలుగేళ్ళు, మొదటిసారి ముక్కులో శనగ గింజ ఇరుక్కుని వచ్చింది. టోకెనమ్మ బల్ల వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి పిలిచింది. ఫైలు అరలోంచి దూకి, అలవాటు ప్రకారం పరుగందుకోబోయి, బాబాయి బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అక్కడి నుంచి గోడ పక్కగా, చప్పుడు చేయకుండా, చుట్టూ తిరిగి వచ్చింది.